కంప్యూటరులో నాదము పుట్టు విధము

బాలబాలికలారా, "అ" యని దీర్ఘముగా పాడుచు, శ్రుతి మార్పక, మెల్లగా "ఇ" యనియు "ఉ" యనియు నోటిని మార్చి చూడుడు. కంఠము చేయు పని యొక్కటియే. చెవికి మాత్రము మూడు ధ్వనులు తోచును. కంఠము ముడిసరకు నిచ్చుచున్నది. నోరు అందు కొన్ని యంశములను హెచ్చించి, కొన్నింటిని అణచుచున్నది. సింథసైజరు ప్రోగ్రాములోని కిటుకును ఇదియే.

అందు కంఠస్థానమున నుండునది ఆసిలేటరు. అది తీగయు కాదు, గొట్టమును కాదు, ఒక లెక్క. సాధారణముగా సెకనునకు 44,100 అంకెలను వెలువరించును. వానిని స్పీకరు గాలి కదలికగా మార్చును. సెకనునకు 200 మారులు ఊగు తరంగమును కోరితిమనుకొనుడు. అది సైను తరంగమైనచో 200 ఒక్కటియే వినబడును, ఈలవలె పలుచన. ఱంపపుపండ్ల రూపమైనచో 400, 600, 800 మొదలగు గుణిజములన్నియు తోడువచ్చును. రెండవదాని యెత్తు మొదటిదానిలో సగము, మూడవదానిది మూడవవంతు. చతురస్ర రూపమున బేసి గుణిజములే యుండును. వీనికి అనుస్వరములని పేరు. వ్యాకరణములోని అనుస్వారము వేఱు సుమా!

ఇక నోటిస్థానమున ఫిల్టరు. 500 వద్ద హద్దు నుంచి పైవానిని అణచినచో 200, 400 నిలుచును, తక్కినవి పైకి పోయినకొలది క్షీణించును, కీచుదనము పోవును. స్పెక్ట్రము ఫిల్టరు ఇంకను సూక్ష్మమైనది. ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ 1822లో గ్రంథరూపమున వెలువరించిన పద్ధతి ననుసరించి, ధ్వనిని చిన్న తునుకలుగా గైకొని, ఏ స్థాయిలో నెంత బలమున్నదో విడదీసి, దేనికది సవరించి, మరల కూర్చును.

నేనొకనాడు సైను తరంగమునే తీసికొని, వీణానాదము రాబట్టవలెనని సాయంకాలము వరకు ఫిల్టరు త్రిప్పితిని. ఈల బిగ్గరగనో మెల్లగనో మ్రోగెనే కాని వీణ పలుకలేదు. లేనిదానిని ఫిల్టరు పుట్టింపజాలదు, ఉన్నదానినే సవరించును.

మనకు చేరువనున్న నూజివీడు, వీణలకు పేరుపొందిన యూరు. బాల్యమున విశాఖపట్టణమున చదివిన సి.వి. రామన్ 1921లో వీణను గూర్చి యొక వింత ప్రకటించెను. తీగను ఏ బిందువున మీటుదుమో, అచ్చట కదలిక యుండని అనుస్వరములు వినబడరాదని పూర్వసిద్ధాంతము. వీణలో నవియు స్పష్టముగా వినబడుచున్నవి! తీగ యానుకొను పలక వంపుగా నుండుటయే కారణము. కావున వీణ ననుకరింపగోరువారు అనుస్వరములు నిండిన తరంగముతో మొదలిడి, మీటిన పిమ్మట అవి యొక్కొక్కటిగా అణగునట్లు ఫిల్టరు హద్దును క్రమముగా దించవలెను.

అప్పటికిని గమకము రాదు. వైణికుడు తీగను ప్రక్కకు లాగునట్లు, ఆసిలేటరు అంకెను సైతము క్షణక్షణము జరుపవలసియుండును.