తెర ముందు ఇంటర్వ్యూ: అధ్యాపక పదవిని కోరేవారికి కొన్ని సూచనలు

“ఇల్లు చూచి ఇల్లాలిని చూడు” అని మన పెద్దలు అన్నారు. అధ్యాపక పదవులకు జరిగే ఇంటర్వ్యూల విషయంలో ఈ సామెత నేడు అక్షరాలా నిజమైంది. లోగడ అభ్యర్థి రైలెక్కి, విశ్వవిద్యాలయానికి చేరి, వరండాలో తన వంతు కోసం వేచి ఉండి, పిలుపు వచ్చిన పిదప నిపుణుల ఎదుట కూర్చునేవాడు. అతని ఇల్లు పెంకుటిల్లో, మేడయో వారికి తెలిసే అవకాశం లేదు. వీడియో ఇంటర్వ్యూలో అట్లా కాదు. నిపుణులే అభ్యర్థి ఇంటిలోనికి తొంగి చూస్తారు. గోడ, కిటికీ, దీపం, దండెం మీది బట్టలు, ఇవన్నీ అభ్యర్థి నోరు విప్పకముందే వారి కంట పడతాయి.

దూరాన ఉన్నవారు ఒకరినొకరు చూస్తూ మాట్లాడుకోవడం కొత్త ఆలోచన కాదు. 1964లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో అమెరికా టెలిఫోన్ సంస్థ ఏ.టి. అండ్ టి. ‘పిక్చర్‌ఫోన్’ అనే యంత్రాన్ని ప్రజలకు చూపింది. అయితే విద్యాసంస్థల నియామకాలలో ఈ పద్ధతి విరివిగా వాడుకలోకి వచ్చింది 2020లో కోవిడ్ వ్యాపించిన తరువాతనే. ఆ సంవత్సరం మార్చి 25న మన దేశంలో లాక్‌డౌన్ మొదలైన పిమ్మట తరగతులు, పరిశోధకుల మౌఖిక పరీక్షలు, ఇంటర్వ్యూలు తెర మీదికి వచ్చాయి. వ్యాధి ఉధృతి తగ్గినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. అమెరికా విశ్వవిద్యాలయాలలో తొలి వడపోత సాధారణంగా అరగంట వీడియో సంభాషణతో జరుగుతుంది. అందులో నెగ్గిన కొద్దిమందినే ప్రాంగణానికి ఆహ్వానిస్తారు. కనుక ఈ విద్యను మన విద్యార్థినీ విద్యార్థులు నేర్చుకొనక తప్పదు.

ఈ వ్యాసం వ్రాయడానికి మమ్ములను పురికొల్పిన సంఘటన ఒకటి ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితం ఒక ఎంపిక సంఘంలో మేమూ ఒక సభ్యులుగా కూర్చున్నాము. ఆ రోజు తెర మీద కనిపించిన అభ్యర్థులలో ఒక యువతి కిటికీకి వీపు పెట్టి కూర్చున్నది. వెనుక ఎండ, ముందు చీకటి. ఆమె ముఖం మాకు నల్లని నీడగానే తోచింది. పంకా గాలి హోరులో సగం మాటలు కలిసిపోయాయి. మరొకసారి చెప్పండని మూడు మారులు అడిగాము. మూడవ మారు ఆమె జవాబును రెండు ముక్కలలో ముగించింది. పదవి మరొకరికి దక్కింది. కొంతకాలానికి ఆమె పరిశోధన వ్యాసం ఒక పత్రికలో మా కంటబడింది. చదివి మేము సిగ్గుపడ్డాము. “అమ్మా, కుర్చీ కొంచెం ఇటు తిప్పుకోండి” అని చెప్పడానికి ఆనాడు మాలో ఒక్కరికీ అర నిమిషం తీరిక లేకపోయింది. తప్పులో పెద్ద భాగం మాదే. కాని ఆ తప్పుకు మూల్యం చెల్లించినది ఆమె.

తెర ముందు చేసే సన్నాహమంతటికీ లక్ష్యం ఒక్కటే అని ఆనాడు మేము గ్రహించాము. గది, దుస్తులు, యంత్రం మౌనంగా ఉండాలి. చదువు మాత్రమే మాట్లాడాలి. దీనికి ధనం అక్కరలేదు, ముందుచూపు కావాలి.

మొదటిది విషయ పరిజ్ఞానం

ఎంత చక్కని వెలుతురైనా లేని పాండిత్యాన్ని చూపలేదు. యు.జి.సి. 2018లో ప్రకటించిన నిబంధనలలో ఒక ముఖ్యమైన అంశం ఉన్నది. అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికి చదువు, ప్రచురణలు మొదలైనవాటికి వేసే మార్కులు ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో తేల్చడానికే ఉపకరిస్తాయి; ఎంపిక మాత్రం ఇంటర్వ్యూలో కనబరచిన ప్రతిభ మీదనే ఆధారపడుతుంది. అంటే ఇరవై యేండ్ల చదువు ఆ కొద్ది నిమిషాలలో తూగవలసి ఉంటుంది.

కాబట్టి అభ్యర్థి మూడు విషయాలను కంఠస్థం కాకుండా హృదయస్థం చేసుకోవాలి. తన పరిశోధన ఏమిటో, దాని వలన కొత్తగా తెలిసినదేమిటో రెండు నిమిషాలలో చెప్పగలగాలి. ఆ శాఖలో ఉన్న పాఠ్య ప్రణాళికను చదివి, అందులో తాను ఏ పాఠాలు బోధించగలడో పేరుపేరునా చెప్పగలగాలి. అక్కడి ఆచార్యుల రచనలలో కొన్నింటినైనా చూచి ఉండాలి. నమూనా పాఠం చెప్పమని అడిగే ఆచారం కూడ ఉన్నది. పది నిమిషాలకు సరిపడే పాఠాన్ని ఒకటి సిద్ధం చేసుకుని, ఇంటిలోని తమ్మునికో, చెల్లెలికో చెప్పి చూడాలి. వారికి అర్థమైన పాఠం నిపుణులకూ నచ్చుతుంది.

మాతృభాషలో చదివినవారికి ఆంగ్లం విషయంలో బెరుకు సహజం. కాని మన నగరంలోనే 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా ఉన్నత విద్యను బోధించింది. 1998లో పార్లమెంటు చట్టం ద్వారా మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడింది. దేశభాషలో చదివినంత మాత్రాన ఎవరూ తక్కువవారు కారు. తలఫ్ఫుజ్ స్పష్టంగా ఉండి, వాక్యాలు చిన్నవిగా ఉంటే చాలు. ఉచ్చారణలో అనుకరణ అనవసరం.

గది, వెలుతురు, ధ్వని

వెలుతురు ముఖం మీద పడాలి. పగలైతే కిటికీకి ఎదురుగా కూర్చోవాలి. రాత్రియైతే దీపాన్ని కెమెరా వెనుక, కంటికి కొంచెం ఎత్తులో ఉంచాలి. నడినెత్తిన దీపం ఉంటే కన్నుల క్రింద నీడలు పడతాయి. దీపం క్రింద పంకా తిరుగుతూ ఉంటే ముఖం మీద వెలుగునీడలు కదలాడతాయి. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాల చొప్పున ప్రవహిస్తుంది. కెమెరా అమరిక 60 మీద ఉంటే ట్యూబులైటు కాంతిలో తెరపై చారలు కదలవచ్చు. ఆ అమరికను ముందే 50కి మార్చుకోవాలి.

కెమెరా కంటికి సరిసమానమైన ఎత్తులో ఉండాలి. ల్యాప్‌టాప్ క్రింద నాలుగు లావు పుస్తకాలు పెడితే ఆ పని నెరవేరుతుంది. ఫోనుతో మాట్లాడేవారు దానిని చేత పట్టుకొనక, గోడకో డబ్బాకో ఆనించి, కదలకుండా నిలపాలి. వెనుక గోడ ఖాళీగా ఉంటే మంచిది. లేకున్న పక్షంలో ఉతికిన సాదా దుప్పటి ఒకటి కట్టవచ్చు. ఒక్క గది ఇల్లైనా సరే, కెమెరాకు కావలసినది నాలుగడుగుల గోడ మాత్రమే. మిగిలిన ఇంటిని చూచి ఎవరూ కుంచించుకుపోనక్కరలేదు.

ధ్వని చిత్రం కంటె ముఖ్యం. చిత్రం మసకబారినా మాట వినబడితే ఇంటర్వ్యూ సాగుతుంది. మాట పోతే సమస్తమూ పోతుంది. తీగ గల ఇయర్‌ఫోను వాడితే మధ్యలో ఛార్జింగు అయిపోతుందనే భయం ఉండదు. ఇంటర్వ్యూ సాగినంతసేపు పంకా ఆపడం, కుక్కరు దింపడం, ఇరుగుపొరుగువారికి ముందుగా ఒక మాట చెప్పి ఉంచడం అవసరం. పెండ్లి బాజాలను ఆపలేము గాని, వీథి వైపు కిటికీ మూయగలము.

దుస్తులు

ఏ దుస్తులు ధరించాలనే ప్రశ్న మా వద్దకు తరచుగా వస్తుంది. మా జవాబు ఒక్కటే: తొలిరోజు తరగతికి ఏ దుస్తులలో వెళ్లగలరో అవే దుస్తులలో తెర ముందుకు రండి. ఇంటర్వ్యూ కోసం అప్పు చేసి సూటు కుట్టించుకొన్న కుటుంబాలను మేమెరుగుదుము. అరువు తెచ్చిన కోటు భుజాల వద్ద నిలువదు. కూర్చున్నప్పుడు మెడ వద్ద పైకి లేస్తుంది. అభ్యర్థి దృష్టి ప్రశ్న మీద కాక కోటు మీద ఉంటుంది. ఇస్త్రీ చేసిన నూలు చొక్కా దానికంటె వేయిరెట్లు మేలు. షేర్వానీ ధరించే అలవాటున్నవారు నిరభ్యంతరంగా ధరించవచ్చు. అలవాటు లేనివారు ఆ రోజే మొదలు పెట్టరాదు.

కెమెరా కంటికి కొన్ని బలహీనతలు ఉన్నవి. అచ్చమైన తెలుపు ఎక్కువగా కనిపిస్తే కెమెరా తనంతట తాను వెలుతురు తగ్గించుకుంటుంది. అప్పుడు ముఖం నల్లబడుతుంది. సన్నని చారలు, చిన్న గళ్లు తెరపై అలలవలె కదలుతున్నట్లు కనిపిస్తాయి. మెరిసే సిల్కు, శాటిను వెలుగును చిమ్ముతాయి. లేత నీలం, బూడిద రంగు, మెరూను వంటి సాదా రంగులు క్షేమం. గోడ రంగులో కలిసిపోయే దుస్తులు మాత్రం వద్దు.

చీర కట్టేవారు పైటను పిన్నుతో నిలుపుకోవాలి. గాజు గాజులు బల్లకు తగిలిన ప్రతిసారీ ఆ చప్పుడు అవతలివారికి పెద్దదిగా వినబడుతుంది. వ్రేలాడే జుంకాలు ఇయర్‌ఫోనుకు తగులుతాయి. స్కార్ఫు లేక దుపట్టా తలపై ధరించేవారు మెరుపు లేని వస్త్రాన్ని ఎన్నుకుని, దాని అంచు ముఖం మీద నీడ వేయకుండా, మైకును కప్పకుండా చూచుకోవాలి. కళ్లద్దాలలో తెర ప్రతిబింబిస్తూ ఉంటే తెర కాంతి తగ్గించి, దీపాన్ని కొంచెం ప్రక్కకు జరపాలి. నడుము క్రింది భాగం కనిపించదు గదా అని పైన చొక్కా, క్రింద లుంగీతో కూర్చునే సాహసం చేయరాదు. పుస్తకం కోసమో, ధ్రువపత్రం కోసమో లేవవలసి రావచ్చు.

చూపు, మాట

తెరపై కనిపించే ముఖాన్ని చూస్తే అవతలివారికి మన చూపు క్రిందికి వాలినట్లు తోస్తుంది. జవాబు చెప్పేటప్పుడు కెమెరానూ, ప్రశ్న వినేటప్పుడు ముఖాలనూ చూడడం మంచి పద్ధతి. 2021లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు జెరెమీ బెయిలెన్సన్ వీడియో సమావేశాల అలసటను గూర్చి వ్రాస్తూ, నిరంతరం తన ముఖాన్ని తానే చూచుకొనడం ఆ అలసటకు ఒక కారణమని పేర్కొన్నారు. కనుక ఆరంభంలో ఒకసారి సరిచూచుకుని, తన చిత్రం తనకు కనబడకుండా మరుగుపరచుకొనడం ఉత్తమం.

ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ముగిసి మరొకరి మాట మొదలయ్యే వ్యవధి సగటున సెకనులో ఐదవ వంతు మాత్రమే. 2009లో పది భాషలపై ప్రకటితమైన ఒక పరిశోధన ఈ సంగతి తెలిపింది. వీడియోలో మాట చేరడానికే కొంత ఆలస్యమవుతుంది. అందువలన ఇద్దరి మాటలు ఢీకొంటాయి. ప్రశ్న ముగిసిన తరువాత ఒక ఊపిరి విడిచి జవాబు మొదలుపెడితే తొందరపాటు ఉండదు, మర్యాదా నిలుస్తుంది.

కాలం, ఆటంకాలు

విదేశీ విశ్వవిద్యాలయాల విషయంలో గడియారం పెద్ద చిక్కు తెస్తుంది. బ్రిటనులో ఉదయం 10 గంటలంటే జనవరిలో మనకు మధ్యాహ్నం 3.30, జూలైలో 2.30. న్యూయార్కులో ఉదయం 10 గంటలంటే జనవరిలో మనకు రాత్రి 8.30, జూలైలో 7.30. ఆ దేశాలలో వేసవికి గడియారం ఒక గంట ముందుకు జరపడమే దీనికి కారణం. పిలుపు అందగానే మన కాలంలో సమయం ఎంతో తేల్చుకుని, జవాబులో దానిని ప్రస్తావించి నిర్ధారణ చేసుకోవాలి.

ముందురోజు అదే సమయానికి, అదే కుర్చీలో, అవే దుస్తులలో స్నేహితునితో ఒక నమూనా ఇంటర్వ్యూ జరుపుకొని, రికార్డు చేసి చూచుకోవాలి. తెర మీద కనిపించే పేరు ధ్రువపత్రాలలోని పేరే కావాలి. విద్యుత్తు పోతే వాడడానికి పూర్తిగా ఛార్జి చేసిన ఫోను, అందులో డేటా, సంస్థవారి టెలిఫోను నంబరు వ్రాసిన కాగితం చేతికి అందేటట్లు ఉంచుకోవాలి. సంబంధం తెగిపోతే కంగారుపడక, తిరిగి చేరి, “క్షమించండి, మీ ప్రశ్నలో చివరి భాగం వినబడలేదు” అంటే చాలు. మాట వినబడనప్పుడు తల ఊపి ఊరుకోవడం కంటె మరల అడగడమే నిజాయితీ.

విద్యార్థులారా! ఎంపిక సంఘాలు కూడ మనుషులతో కూడినవే. వారు న్యాయంగానే చూడాలని ప్రయత్నిస్తారు. అయినా కంటికి కనిపించినదే మనసుకు ముందు చేరుతుంది. యు.జి.సి. 2018 నిబంధనలు అల్పసంఖ్యాక వర్గాలవారు, మహిళలు, వికలాంగులు మొదలైనవారు అభ్యర్థులుగా ఉన్నప్పుడు, సభ్యులలో ఆ వర్గంవారు లేకపోతే, ఆ వర్గాలకు చెందిన ఒక విద్యావేత్తను సంఘంలో చేర్చాలని నిర్దేశించాయి. నియమం అంతవరకు తోడ్పడగలదు. దీపాన్ని సరియైన చోట పెట్టుకొనవలసినది మాత్రం మీరే.

మీలో కొందరు రేపు నిపుణుల కుర్చీలలోనూ కూర్చుంటారు. ఆనాడు తెర మీద ఎవరి ముఖమైనా చీకటిలో కనిపిస్తే, ప్రశ్న అడిగే ముందు, “కుర్చీ కొంచెం ఇటు తిప్పుకోండి” అని చెప్పండి. మేము చెప్పలేకపోయిన మాట అది.