కొలతకు ముందు చూపు



మనస్సును గూర్చి చెప్పవలసింది మనస్తత్వ శాస్త్రమే, అక్కడ తత్వశాస్త్రానికి ఇక పనిలేదని కొందరు అంటుంటారు. 1879లో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల నెలకొల్పినప్పటి నుండి ఈ మాటకు బలం పెరిగింది.

1998లో పునీతురాలిగా ప్రకటింపబడిన ఎడిత్ స్టైన్ మీకు తెలిసే ఉంటారు. 1911లో బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో ఆమె చేరింది ముఖ్యంగా మనస్తత్వ శాస్త్రం కోసమే. గురువు విలియం స్టెర్న్; తెలివిని అంకెలలో చూపే పద్ధతిని 1912లో ప్రతిపాదించిన పండితుడు. కాని ఈ శాస్త్రం వాడే మూలపదాలకే ఇంకా స్పష్టమైన అర్థం ఏర్పడలేదని ఎడిత్‌కు తోచింది. 1913లో గోటింగెన్‌లోని ఎడ్మండ్ హుస్సెర్ల్ వద్దకు వెళ్లారు.

హుస్సెర్ల్ బోధించినది ఫినామినాలజీ. పేరు విని బెదరకండి. ఒక అనుభవానికి కారణాలు వెదకడానికి ముందు, అది అనుభవించేవారికి ఎలా అగుపిస్తున్నదో ఉన్నదున్నట్లు వర్ణించమంటుంది, అంతే.

భర్తను పోగొట్టుకొన్న స్త్రీని తీసుకోండి. నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఉన్నదా అని డాక్టరుగారు అడిగి మార్కులు వేస్తారు. అది అవసరమే. అయితే ఆమెకు సాయంకాలం ఆరు గంటలంటే ఆయన ఇంటికి వచ్చే వేళ. ఇప్పుడు గడియారం ఆరు కొట్టినా ఆ వేళ రాదు. ఇటువంటిది ఎవరూ వర్ణించి ఉండకపోతే, డాక్టరుగారి పట్టీలో 'దుఃఖం' అనే మాటకు అర్థమెక్కడిది?

మరి ఆమె దుఃఖం మనకెలా తెలుస్తుంది? ఎడిత్ 1916లో ఫ్రైబుర్గ్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఈ ప్రశ్న మీదనే. సర్కస్ విన్యాసాలు చూస్తూ లీనమైనవాడు, చేసేవానితో ఏకమవుతాడని థియోడర్ లిప్స్ వాదన. ఎడిత్ ఒప్పుకోలేదు. నేను అతని వెంట ఉన్నాను గాని, అతడిని కాను. ఇతరుల దుఃఖం నాకు నిజంగానే తెలుస్తుంది, కాని వారి దుఃఖంగానే తెలుస్తుంది. చావు ఇంట మనం సులువుగా అనే 'నీ బాధ నాకు తెలుసమ్మా' అన్న మాటను ఒక్కసారి దీని పక్కన పెట్టి చూడండి.

ఫినామినాలజీకీ హద్దున్నది. కుంగుబాటు ఏ కారణాన వచ్చింది, ఏ మందు పనిచేస్తుంది అనేవి వర్ణనవల్ల తేలవు. దానికి పరిశోధన, లెక్కలు కావాలి. కనుక ఈ వ్యాసం చదివి ఎవరూ మాత్రలు మానవద్దు! కార్ల్ యాస్పర్స్ స్వయంగా మానసిక వైద్యుడు. 1913లో ప్రచురించిన తన గ్రంథంలో ఆయన రెంటికీ చోటిచ్చారు: జబ్బుకు కారణాలను వివరించడం ఒకటి, రోగి తన మాటలలో చెప్పుకొన్న దానిని అర్థం చేసుకోవడం మరొకటి.