చిట్టా నకలు పొరుగింట ఉండాలి

పాల సంఘం పుట్టిననాటి నుంచి మనం పాటిస్తున్న నియమం ఒకటి ఉన్నది. లెక్క ఒక్కచోటే ఉండరాదు. పాలు పోసినవారి చేతిలో పాసుపుస్తకం, సంఘంలో రిజిస్టరు, యూనియనులో సంఘం పంపిన పాల లెక్క. ఈ మూడూ ఒకదానికొకటి కాపలా. ఒకచోట అంకె దిద్దితే మిగిలినచోట్ల పట్టుబడుతుంది. తనిఖీకి వచ్చినప్పుడు మేము మొదట చేసే పని ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడడమే.

ఇప్పుడు చాలా సంఘాలలో తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ యంత్రమే లెక్కగట్టి చీటీ ఇస్తున్నది. ఆ లెక్క యూనియను సర్వరుకు చేరుతుంది. సర్వరు అనగా ఎన్నో సంఘాల నుంచి వచ్చే లెక్కలను అందుకొని, దాచి, అడిగినవారికి చూపే కంప్యూటరు. లెక్క కాగితం మీద నుంచి యంత్రంలోకి పోయినా పాత నియమం చెల్లుతూనే ఉన్నది. సర్వరు విషయంలో దాన్ని ఎట్లా పాటించాలో ఈ పాఠంలో చూద్దాం.

చిట్టా, ఆవర్జా

వెనుకటి వర్తకుల లెక్కల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఆ రోజు జరిగినది జరిగిన వరుసలో చిట్టాకు ఎక్కేది. దాన్ని పేరుపేరునా విడదీసి ఆవర్జాలో రాసేవారు. సర్వరులోనూ ఈ రెండూ ఉన్నాయి. ఒక సభ్యురాలు ఉదయం 6 లీటర్లు పోసింది, వెన్న 6.8 శాతం అనుకుందాం. ఇది ఆవర్జా. 7 గంటల 12 నిమిషాలకు సంఘం లెక్క వచ్చింది, 9 గంటల 40 నిమిషాలకు ఫలానా పేరుతో ఒకరు సర్వరు తెరిచారు, 9 గంటల 43 నిమిషాలకు ఆ 6.8ని 6.2గా మార్చారు. ఇది చిట్టా. కంప్యూటరు పనివారు దీన్నే లాగ్ అంటారు.

సభ్యులకు డబ్బు వచ్చేది ఆవర్జాను బట్టి. వివాదం వస్తే నిజం తేలేది చిట్టాను బట్టి. అంకె మార్చినంత మాత్రాన మోసం జరిగినట్టు కాదు. మళ్లీ పరీక్ష చేసి సరిదిద్ది ఉండవచ్చు. ఎవరు, ఎప్పుడు మార్చారో రాసి ఉంటే పాలు పోసినవారికీ న్యాయం జరుగుతుంది, ఏ తప్పూ చేయని ఉద్యోగి మీద నిందా పడదు.

చిక్కు ఎక్కడంటే, చిట్టా కూడా అదే సర్వరులో ఉంటుంది. దాని తాళం చేతిలో ఉన్నవారు అంకెను మార్చి, మార్చినట్టు రాసిన పంక్తిని కూడా చెరిపివేయగలరు. ఎవరికీ దురుద్దేశం లేకపోయినా, డిస్కు చెడితే రెండూ ఒకేసారి పోతాయి. కాబట్టి చిట్టాలో పంక్తి పడిన వెంటనే దాని నకలు మరొకచోట, మరొకరి అధీనంలో ఉన్న కంప్యూటరుకు పోవాలి. పొరుగింట ఉన్న నకలును మన ఇంట్లో నుంచి చెరపలేం గదా.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. 1980 దశకంలో ఎరిక్ ఆల్‌మన్ అనే అమెరికా నిపుణుడు సెండ్‌మెయిల్ అనే తపాలా ప్రోగ్రాముతో పాటు సిస్‌లాగ్ అనే పద్ధతిని రూపొందించారు. తరువాత ఇతర ప్రోగ్రాములూ దాన్నే పట్టుకున్నాయి. 2001లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 3164 అప్పటి వాడుకను వివరించింది. 2009లో ఆర్.ఎఫ్.సి. 5424 దానికి ప్రమాణం ఏర్పరచింది.

మేకు కొట్టిన చిరునామా

నకలు పోవలసిన చిరునామాను కొందరు ప్రోగ్రాము లోపలే రాసి వదిలివేస్తారు. మేకు కొట్టినట్టు అది అక్కడే ఉండిపోతుంది. మొదట్లో అంతా బాగానే నడుస్తుంది. తరువాత నకళ్లు అందుకునే యంత్రం పాతబడి కొత్తది వస్తుంది, లేదా ఆ కార్యాలయం వేరే ఊరికి మారుతుంది. ప్రోగ్రాముకు ఈ సంగతి తెలియదు. పాత చిరునామాకే పంపుతూ ఉంటుంది. సిస్‌లాగ్ మొదటి నుంచీ వాడుతున్న యూడీపీ దారిలో, ముట్టిందా లేదా అని అడిగే పద్ధతి లేదు. అందువల్ల తెరమీద ఏ హెచ్చరికా కనబడదు. ఎప్పుడో వివాదం వచ్చి నకలు తెరిస్తే లోపల ఏమీ ఉండదు.

అప్పుడైనా దిద్దాలంటే ప్రోగ్రాము రాసినవారినే పిలవాలి. వారు ఒప్పందం ముగించుకొని వెళ్లి ఉంటే అదీ కుదరదు. కావున ఈ వివరాలు ప్రోగ్రాములో కాక, విడిగా అమరికల పత్రంలో ఉండాలి. ఆర్‌సిస్‌లాగ్ అనే వాడుకలో ఉన్న ప్రోగ్రామునే చూడండి. దాని అమరికల పత్రంలో ఒక్క పంక్తి చాలు. చిరునామా ముందు ఒక '@' గుర్తు పెడితే యూడీపీ, రెండు పెడితే టీసీపీ. ప్రోగ్రామును ముట్టనక్కరలేదు.

అమరికలలో ఏమేమి ఉండాలి?

1. చిరునామా: అంకెల చిరునామా కంటే పేరు మేలు. యంత్రం మారినా పేరు నిలుస్తుంది. దానితో పాటు పోర్టు అంకె ఉండాలి. యూడీపీకి సాధారణంగా 514, టీఎల్ఎస్‌కు 6514.

2. దారి: యూడీపీ అంటే పాల క్యాను లారీ ఎక్కించి అంతటితో మరచిపోవడం. టీసీపీ అంటే చేరినట్టు జవాబు తెప్పించుకోవడం. లింకు తెగిన క్షణంలో అందులోనూ కొన్ని పంక్తులు పోవచ్చు గాని, తెగిన సంగతి తెలుస్తుంది. టీఎల్ఎస్ అంటే సీలు వేసిన క్యాను. దారిలో ఎవరూ చూడలేరు, నీళ్లు కలపలేరు. బయటి ఇంటర్నెట్ మీదుగా పోయేటప్పుడు ఇదే తగినది.

3. ఏవి పంపాలి: సిస్‌లాగ్‌లో ప్రతి పంక్తికీ 0 నుంచి 7 వరకు ఒక తీవ్రత అంకె ఉంటుంది. 0 అంటే యంత్రం పనికిరాని స్థితి, 4 హెచ్చరిక, 6 మామూలు సమాచారం, 7 మరమ్మతు చేసేవారికి మాత్రమే పనికివచ్చే చిల్లర వివరం. అంకె చిన్నదైన కొద్దీ ప్రమాదం పెద్దది. ఏ అంకె వరకు పంపాలో ఎంచుకునే వీలుండాలి. సభ్యుల బ్యాంకు ఖాతా నెంబర్లు, ఆధార్ నెంబర్లు ఏ పంక్తిలోనూ పోరాదు.

4. లింకు తెగితే: కరెంటు, ఇంటర్నెట్ పోవడం మన పల్లెల్లో వింత కాదు. తిరిగి వచ్చేవరకు పంక్తులను డిస్కు మీద వరుసగా నిలిపి, తరువాత పంపాలి. ఎంత మేరకు నిలపాలో కూడా అమరికలోనే రాయాలి. లేకపోతే డిస్కు నిండి అసలు పని ఆగవచ్చు.

5. పరీక్ష: అమరిక రాయగానే ఒక పరీక్ష పంక్తి పంపి, అవతల చేరిందో లేదో చూడాలి. వెన్న యంత్రాన్ని సరిచూడకుండా పాలు పట్టుకోం గదా.

గడియారం సంగతీ మరువరాదు. రెండు యంత్రాల వేళలు తేడాగా ఉంటే ఏది ముందు జరిగిందో తేలదు. 2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలలో ఈ అంశం ఉన్నది. ఎన్.ఐ.సి. లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల వారి కాల సర్వర్లతో, లేక వాటితో సరిపోలిన సర్వర్లతో వేళ కలుపుకోవాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని అవి చెబుతున్నాయి.

తాళం ఎవరి చేతిలో?

ఇక్కడ తెలివైన సభ్యులు ఒక ప్రశ్న వేస్తారు. చిరునామాను సులువుగా మార్చగలిగితే, దొంగ కూడా సులువుగా మార్చి నకళ్లు ఆపలేడా? నిజమే. చిరునామా మార్చే వీలు ఉండాలి, కాని గుట్టుగా మార్చే వీలు ఉండరాదు. అందుకు మూడు కట్టుబాట్లు చాలు. అమరిక మార్చే అధికారం ఎవరికో పాలకవర్గం తీర్మానం ద్వారా పేరు పెట్టి ఇవ్వాలి. అదే వ్యక్తి నకళ్లు దాచే యంత్రానికి అధికారి కారాదు. ఇక, మార్పు సంగతి పాత చిరునామాకు చివరి పంక్తిగా, కొత్త చిరునామాకు మొదటి పంక్తిగా పోవాలి. పొరుగువారు కూడా నకళ్లు రావడం ఆగిన రోజే విచారించాలి. పాల లారీ ఒక పూట రాకపోతే అడుగుతాం. చిట్టా రాకపోయినా అట్లాగే అడగాలి.

సభ్యులకు కంప్యూటరు చదువు లేకపోవచ్చు. మహాజన సభలో లేచి ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి ఆ చదువు అక్కరలేదు. మన లెక్కల చిట్టా నకలు ఎక్కడ ఉన్నది? దాన్ని చూసుకునేది ఎవరు? చిరునామా మార్చాలంటే ఎవరు మార్చగలరు? చివరిసారి నకలు చేరినట్టు ఎప్పుడు సరిచూశారు? నాలుగింటికీ జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి. మేము తనిఖీకి వచ్చినప్పుడు ఆ పేజీ కూడా చూస్తాము.