ఋణము – కాయకము – దాసోహము

అనంతపురము సీమ వర్షచ్ఛాయా ప్రాంతము. నైఋతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికి బలహీనమై, సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానను మాత్రమే ఇచ్చును. వేరుసెనగ ఊడలు దిగు వేళ వాన మొగము చాటువేసినచో విత్తనపు ఖర్చయినను తిరిగి రాదు. ఇట్టి చోట అప్పు చేసిన రైతును నిందించుట శరణధర్మము కాదు. అయితే అప్పునకు వేరొక రూపము కలదు. అది అవసరముతో ఆగక, అలవాటై మనిషిని పట్టుకొనును. దానిని గుర్తించుటయే ఈ పాఠము.

బోరుబావినే చూడుడు. మొదటిది ఎండగా రెండవది వేయించుట సహజము. నాలుగవదియు ఎండిన పిదప, "ఈసారి తప్పక నీరు పడును" అని ఐదవదానికై ఇల్లాలి నగలు తాకట్టు పెట్టుట సేద్యము కాదు, జూదము. పోయినదానిని రాబట్టవలెనను తపనయే రెంటికిని మూలము.

ఈ వ్యసనమునకు లక్షణములు నాలుగు: పాత అప్పు తీర్చుటకు కొత్త అప్పు చేయుట, బాకీలను ఇంటివారి యొద్ద దాచుట, పరువు పేరిట పెండ్లిండ్లకు శక్తికి మించి వెచ్చించుట, మొత్తమెంతయో లెక్కించుటకు తానే భయపడుట.

వడ్డీ నడకను తెలిసికొనవలెను. నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున 50,000 రూపాయలకు నెలకు 1,500 అగును. మూడేండ్లకు వడ్డీయే 54,000. కాలదోషము పట్టకుండ ప్రోనోటు తిరుగ వ్రాసినప్పుడు వడ్డీ అసలులో కలిసి 1,04,000 అగును. చేతికి పైసా రాకయే అప్పు రెండింతలైనది! 2008 నాటి కేంద్ర ఋణమాఫీ బ్యాంకుల, సహకార సంఘముల అప్పులకే వర్తించెను గాని, ఇట్టి చేబాకీలను తాకలేదు.

బసవేశ్వరుని కాలపు శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు రాలిన బియ్యపు గింజలను ఏరి దాసోహము చేసెడివారు. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ తేగా, లక్కమ్మ ఆ అధికమును తెచ్చిన చోటనే విడిచి రమ్మనెను. పేదరికము వారికి లేమి కాదు. మితిమీరిన ఆశయే లేమి. ఇంటి కొలత ఇల్లాలికి తెలిసియుండుట వలననే మారయ్య తప్పటడుగు సరిదిద్దబడెను.

కావున బయటపడగోరువాడు మొదట బాకీలన్నిటిని ఒక కాగితమున వ్రాసి కుటుంబము ఎదుట చదువవలెను. దాచిన అప్పే పెరుగును. పిదప కొత్త అప్పును, అది ఎంత చిన్నదైనను, మానవలెను. తక్కిన వాయిదాలు తప్పకుండ, అధిక వడ్డీ బాకీని ముందుగా తగ్గింపవలెను. ఋణదాతకు ముఖము చాటుచేయక, చెల్లించిన ప్రతి పైకమునకు నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనవలెను. సేద్యపు ఖర్చునకు, 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డు వంటి బ్యాంకు మార్గమును వెదకవలెను.

అప్పు తెచ్చి చేయు ఆర్భాటము దాసోహము కాదు. సత్యశుద్ధ కాయకమున వచ్చిన పిడికెడు గింజలే దాసోహము. మఠములును నిరాడంబర వివాహములను ప్రోత్సహించి, ఋణగ్రస్తుడు సిగ్గుపడక చెప్పుకొను చోటు కల్పింపవలెను.

ప్రాణము తీసికొన్నంత మాత్రమున కుటుంబపు కష్టము తీరదు. అది ఒంటరియగు ఇల్లాలిపై పడును. అట్టి తలపు కలిగినవారు ఆ క్షణమే అయినవారికి చెప్పవలెను. 2022లో ఆరంభమైన టెలి మానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేయవలెను. అప్పు లెక్కకు లొంగునది. ప్రాణము తిరిగి రానిది.