హిమానీ టిల్‌పై ఏర్పడిన ప్రెయిరీ నేలలు: మిట్టనేలల గుణగణాలు, వాటి క్షయం

పరిచయం

మురుగునీటి పారుదల బాగుగా గల నేల అనగానే విద్యార్థులకు సాధారణంగా ఇసుక నేల స్ఫురిస్తుంది. నీరు నిలువని నేలలో తేమ కూడా నిలువదని, సారం స్వల్పమని భావించడం కద్దు. ఉత్తర అమెరికా ప్రెయిరీ మైదానాలలో హిమానీ టిల్ నుండి ఏర్పడిన నేలలు ఈ అభిప్రాయాన్ని సవరిస్తాయి. ఇవి గరప నేలలు. వీటిలో అదనపు నీరు వేళ్ళకు హాని చేయునంత కాలం నిలిచి ఉండదు. అయినను పైరుకు కావలసిన తేమ, పోషకాలు సమృద్ధిగా లభిస్తాయి. అమెరికాలోని మిన్నెసోటా పశ్చిమ భాగంలోను, ఉత్తర, దక్షిణ డకోటా రాష్ట్రాలలోను విస్తరించియున్న బార్న్స్ నేల శ్రేణి ఇందుకు చక్కని ఉదాహరణ. దాని నిర్మాణం, పారుదల, సారం, నేటి స్థితి ఈ వ్యాసంలో వివరించబడినవి. ఈ నేలలకు మంచి పారుదలను సమకూర్చిన మిట్ట, వాలులే సేద్యం ఆరంభమైన పిదప వాటి పైపొర నష్టానికి కూడా కారణమగుట గమనింపదగిన విషయం.

మాతృపదార్థం

చివరి హిమయుగంలో కెనడా నుండి దక్షిణానికి వ్యాపించిన మంచుపలకలు తమ దారిలోని శిలలను రాపిడి చేసి, పొడి చేసి, మోసుకొనివచ్చి ఈ ప్రాంతంలో వదలివేసినవి. మంచు నేరుగా వదలిన ఈ మిశ్రమమే టిల్. నదులు తెచ్చిన ఒండ్రులో కణాలు పరిమాణాన్ని బట్టి వేరుపడి పొరలుగా పేరుకొంటాయి. టిల్‌లో అట్టి వర్గీకరణ కానరాదు. బంకమన్ను, సిల్ట్, ఇసుక, గులకరాళ్ళు, అక్కడక్కడ పెద్ద బండలు ఒకే ముద్దగా కలిసియుంటాయి. బార్న్స్ నేలలకు ఆధారమైన టిల్‌లో గ్రానైట్ తునకలతో పాటు సున్నపురాయి, డోలమైట్, షేల్ ముక్కలు కూడా ఉంటాయి. సున్నం మూలపదార్థంలోనే ఉన్నందున ఈ నేలలకు క్షారమూలకాల కొరత లేదు. ఏటా శీతకాలపు గడ్డకట్టుడు రాళ్ళను కొద్ది కొద్దిగా పైకి నెట్టుచుండుటచే, అచటి రైతులకు వసంతకాలంలో పొలంలోని రాళ్ళు ఏరుట ఒక నియతమైన పని.

మంచు సమంగా కరగలేదు. దానివలన నేలపై చిన్న చిన్న మిట్టలు, వాటి నడుమ బయటకు దారిలేని గుంటలు ఏర్పడినవి. కొన్ని మీటర్ల ఎత్తు తేడాయే ఇచట నేల స్వభావాన్ని నిర్ణయిస్తుంది.

శీతోష్ణస్థితి, గడ్డిమొక్కల పాత్ర

ఈ ప్రాంతపు వార్షిక వర్షపాతం సుమారు 560 మిల్లీమీటర్లు. శీతకాలం దీర్ఘమైనది, వేసవి హ్రస్వమైనది. బిగ్ బ్లూస్టెమ్, లిటిల్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ వంటి బహువార్షిక గడ్డిమొక్కలు ఇచట వేల సంవత్సరాలు పెరిగినవి. అడవిలో సేంద్రియ పదార్థం ప్రధానంగా ఆకుల రూపంలో నేల ఉపరితలంపై పడుతుంది. గడ్డిభూమిలో అధికభాగం వేళ్ళ రూపంలో నేల లోపలనే చేరుతుంది. ఈ వేళ్ళలో కొంతభాగం ఏటా చనిపోయి కుళ్ళుతుంది. శీతలం కుళ్ళుటను మందగింపజేస్తుంది. కాల్షియం, బంకమన్ను హ్యూమస్‌ను పట్టియుంచుతాయి. ప్రెయిరీ నేలల నల్లని పైపొర ఈ విధంగా రూపొందినది.

నేల నిలువుకోత

సేద్యం వలన పెద్దగా చెడని బార్న్స్ నేలలో మూడు భాగాలు స్పష్టంగా కనిపిస్తాయి. పైన నల్లని గరప పొర ఉంటుంది. దీని మందం స్థలాన్ని బట్టి సుమారు 18 నుండి 40 సెంటీమీటర్లు. ఇది గుల్లగా, చిన్న చిన్న రేణువుల నిర్మాణంతో ఉండి, చేతిలో సులభంగా చిదుగుతుంది. ఇందులో సేంద్రియ పదార్థం సాధారణంగా 3 నుండి 6 శాతం ఉంటుంది. ఉదజని సూచిక తటస్థతకు దగ్గరగా ఉంటుంది. దీని క్రింద గోధుమవర్ణపు బి పొర కలదు. ఈ పొర నుండి సున్నం చాలవరకు వర్షపునీటితో క్రిందికి దిగిపోయినది. అంతకు క్రింద లేత ఆలివ్ గోధుమరంగులో సున్నం పేరుకొన్న పొర, ఆపై మార్పు చెందని టిల్ ఉంటాయి. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసినచో పైపొరలో నురగ రాదు. సున్నపు పొరలో తీవ్రంగా వస్తుంది. క్షేత్రంలో ఈ పొరను గుర్తించుటకు ఇది సులభమైన పరీక్ష.

అమెరికా నేలల వర్గీకరణ ప్రకారం బార్న్స్ నేల మొల్లిసాల్ క్రమంలో కాల్సిక్ హాప్లుడాల్ ఉపవర్గానికి చెందును. మొల్లిసాల్‌కు లక్షణమైన మొల్లిక్ పైపొర కేవలం నల్లగా ఉన్నంతమాత్రాన చాలదు. సేంద్రియ కర్బనం కనీసం 0.6 శాతం, క్షార సంతృప్తత కనీసం 50 శాతం ఉండవలెను. ఎండినపుడు గట్టి ముద్దగా మారని మెత్తని నిర్మాణం, తగిన మందం కూడా అవసరం.

పారుదలను ఎట్లు గుర్తించవలెను?

సహజ పారుదలను బట్టి నేలలను ఏడు తరగతులుగా విభజిస్తారు. ఒక కొసన నీరు అతిగా జారిపోవునవి, మరొక కొసన ఎల్లప్పుడు నీరు నిలుచునవి ఉంటాయి. బాగుగా పారుదల గల తరగతి ఈ రెండింటి నడుమ ఉన్నది. ఇందులో నీరు సులభంగా తొలగిపోతుంది, కాని అతివేగంగా కాదు. పైరు పెరుగు కాలంలో అధికభాగం తేమ వేళ్ళకు అందుబాటులో ఉంటుంది.

వర్షం పడిన రోజున పొలాన్ని చూచి ఈ తరగతిని నిర్ణయింపరాదు. నేల రంగులే దీర్ఘకాలిక సాక్ష్యం. గాలి ఆడునపుడు ఇనుము ఆక్సైడ్ రూపంలో ఉండి నేలకు గోధుమ లేదా పసుపుఛాయ గోధుమరంగునిస్తుంది. నీరు నిలిచి ప్రాణవాయువు కరువైనపుడు ఇనుము క్షయకరణం చెంది కదలిపోతుంది. అపుడు బూడిదరంగు మచ్చలు, వాటి ప్రక్కన తుప్పురంగు మచ్చలు ఏర్పడతాయి. బార్న్స్ బి పొరలో ఏకరీతి గోధుమరంగు కనిపించుట, తడి వలన కలుగు మచ్చలు లేకుండుట లేదా చాలా లోతున మాత్రమే ఉండుట మంచి పారుదలకు నిదర్శనం.

మిట్ట నుండి పల్లం వరకు

ఒకే మాతృపదార్థం, ఒకే శీతోష్ణస్థితి ఉన్నను, వాలులో స్థానం మారినపుడు నేల మారుతుంది. తూర్పు ఆఫ్రికా నేలలను అధ్యయనం చేసిన జెఫ్రీ మిల్న్ 1935లో ఇట్టి నేలల వరుసకు గొలుసు అను అర్థం గల కటీనా అను పేరు పెట్టెను. బార్న్స్ ప్రాంతంలో ఈ గొలుసు స్పష్టంగా కనిపిస్తుంది.

మిట్టల ఉబ్బు భాగాలపై బ్యూస్ నేలలు ఉంటాయి. వీటికి కూడా పారుదల మంచిదే. అయితే నీరు లోనికి ఇంకుట కన్న ప్రక్కకు జారుట ఎక్కువైనందున నల్లపొర పలుచన, సున్నం ఉపరితలానికి సమీపాన ఉంటుంది. వాలులపై బార్న్స్, వాలు పాదాన స్వియా నేలలు ఉంటాయి. స్వియాలో నల్లపొర మందం, పారుదల ఒక మోస్తరు. గుంటల అంచులలో హామెర్లీ నేలలు ఉంటాయి. గుంట నుండి ప్రక్కలకు చేరిన నీరు పైకి లేచి ఆవిరగుటచే ఇచట సున్నం ఉపరితలం దగ్గర పేరుకొంటుంది. గుంటల నడుమ అతి తక్కువ పారుదల గల పార్నెల్ బంకనేలలు ఉంటాయి. బ్యూస్‌లోను, హామెర్లీలోను సున్నం పైననే ఉన్నను కారణాలు వేరు. మొదటిదానిలో నీరు తగినంత దిగకపోవుట, రెండవదానిలో నీరు పైకి లేచుట.

సేద్యం తెచ్చిన మార్పు

బాగుగా పారుదల గల మిట్ట, వాలు భూములు వసంతంలో ముందుగా ఆరుతాయి. ముందుగా దున్నుటకు, విత్తుటకు అనువైనవి. పందొమ్మిదవ శతాబ్దిలో ఉక్కు నాగలి ప్రవేశించిన తరువాత ప్రెయిరీ గడ్డిభూములు త్వరితంగా పొలాలుగా మారినవి. వేళ్ళ అల్లిక తెగిన పిదప పైపొరకు రక్షణ తగ్గినది.

నేల కోత అనగానే వర్షపునీరు, గాలి గుర్తుకు వస్తాయి. ఈ భూములలో మూడవ కారణం కూడా బలమైనది. అది దుక్కి. వాలు వెంట పైకి దున్నినపుడు కదలు మట్టి కన్న క్రిందికి దున్నినపుడు కదలు మట్టి ఎక్కువ. ఏటేటా ఈ తేడా కూడి, మట్టి మిట్ట నుండి పల్లానికి చేరుతుంది. నీటి కోత నిడుపైన, ఏటవాలు స్థలాలలో హెచ్చు. దుక్కి వలన కలుగు నష్టం మిట్టల ఉబ్బు భాగాలలో హెచ్చు. అందుచేతనే పొలంలో మిట్టలు లేతరంగు మచ్చలుగా కనిపిస్తాయి. ఆ రంగు నాగలికి తగిలిన సున్నపు పొరది.

మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో ఉపగ్రహ చిత్రాలలోని నేలరంగును, భూమి వంపును పోల్చి, అమెరికా మొక్కజొన్న మండలంలోని సేద్యభూమిలో సుమారు 35 శాతం మేర ఏ పొర పూర్తిగా తొలగిపోయినదని అంచనా వేసిరి. 2022లో వెలువడిన మరొక అధ్యయనంలో దున్నని ప్రెయిరీ శకలాలకు, వాటి ప్రక్కనున్న పొలాలకు నడుమ ఎత్తు తేడాను కొలిచి, సేద్యం మొదలైన నాటి నుండి కోత రేటు మధ్యగత విలువ ఏటా 1.8 మిల్లీమీటర్లని తేల్చిరి. ఘనపు సెంటీమీటరుకు 1.3 గ్రాముల సాంద్రత గల నేలలో ఇది హెక్టారుకు ఏటా సుమారు 23 టన్నుల మట్టికి సమానం. 25 సెంటీమీటర్ల పైపొర ఈ రేటున 140 సంవత్సరాలలోపే హరించుకుపోవును. వేల సంవత్సరాల గడ్డివేళ్ళ కృషి అయిదారు తరాల సేద్యంలో వ్యయమగుట దీని సారాంశం.

సున్నపు పొర బయటపడిన మిట్టలపై భాస్వరం కాల్షియంతో కలిసి అందుబాటు కోల్పోతుంది. జింకు లోపం కనిపిస్తుంది. సేంద్రియ పదార్థం తగ్గినందున వర్షపునీరు ఇంకుట, తేమ నిలుపుదల తగ్గుతాయి. పారుదల తరగతి పట్టికలో మారదు. కాని ఆ తరగతి సూచించిన ప్రయోజనం పైరుకు అందదు.

యాజమాన్యం

దుక్కి తగ్గించుట, లేదా దున్నకుండా విత్తుట మొదటి చర్య. పైరు అవశేషాలను నేలపై ఉంచుట, ఆచ్ఛాదన పైర్లు, పంటమార్పిడిలో బహువార్షిక పశుగ్రాసాలు చేర్చుట ఇందుకు తోడ్పడతాయి. మిన్నెసోటా పశ్చిమ భాగంలో పల్లాలలో పేరుకొన్న పైమట్టిని తిరిగి మిట్టలపై పరచిన క్షేత్ర ప్రయోగాలలో అచటి దిగుబడి మెరుగైనది. అయితే మట్టి తరలింపు వ్యయంతో కూడినది. దుక్కి విధానం మారనిచో ఆ మట్టి మరల పల్లానికే చేరును.

తెలుగు ప్రాంతపు నేలలతో పోలిక

తెలంగాణ గ్రానైట్, నైస్ శిలాప్రాంతంలో మిట్టలపై ఎర్ర చల్క నేలలు, పల్లాలలో నల్లరేగడి ఉండుట ఇట్టి గొలుసుకే మరొక రూపం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రంలో ఆల్ఫిసాల్, వెర్టిసాల్ నేలలు దగ్గర దగ్గరగా కానవస్తాయి. అయితే రంగు విషయంలో పొరపడరాదు. ప్రెయిరీ నేల నలుపు అధిక సేంద్రియ పదార్థానికి సూచన. రేగడి నలుపు అట్టిది కాదు. అందులో సేంద్రియ కర్బనం తరచుగా తక్కువే. ప్రెయిరీలో నల్లనేల వాలుపై కూడా ఉన్నది. తెలంగాణలో మిట్ట సహజంగానే ఎర్రన. చెరువు పూడికమట్టిని చల్క పొలాలకు తోలు సంప్రదాయం, 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ ద్వారా దానికి లభించిన ప్రోత్సాహం, పల్లానికి చేరిన మెత్తని మట్టిని మిట్టకు తిరిగి చేర్చు సూత్రం మీదనే ఆధారపడినవి.

ముగింపు

బాగుగా పారుదల గల నేల అను వర్ణన నేల యొక్క శాశ్వత సంపదకు హామీ కాదు. అది వాలులో నేల స్థానాన్ని, నీటి కదలికను తెలుపు మాట మాత్రమే. విస్తరణ శాస్త్రవేత్తలు ఒడుదుడుకుల పొలంలో మిట్ట, వాలు, పల్లాల మట్టి నమూనాలను కలిపి ఒకే నమూనాగా పరీక్షకు పంపినచో మిట్టలోని లోపం పల్లంలోని సమృద్ధిలో కలిసి మరుగున పడును. మూడుచోట్ల వేరువేరుగా నమూనాలు తీయుట, ప్రతిచోట ఆగర్‌తో పైపొర మందాన్ని కొలుచుట, ఆమ్లపు చుక్కతో సున్నపు లోతును గుర్తించుట తక్కువ ఖర్చుతో కూడిన పనులు. పైపొర మందాన్ని కొన్నేళ్ళకొకసారి అదే స్థలంలో కొలిచి నమోదు చేసినచో, దిగుబడి తగ్గుటకు ముందే నష్టాన్ని పసిగట్టవచ్చును.