చిన్న పాఠశాల, మాతృభాష

చెన్నపురి వంటి మహానగరమున నాలుగైదు గదులలో నడచు చిన్న ప్రాథమిక పాఠశాలకు విశాలమైన ఆటస్థలము లేకపోవచ్చును. కాని ఉదయమున వచ్చి సాయంకాలమునకు ఇల్లు చేరు బిడ్డలకు అది చేయవలసిన పని చిన్నది కాదు. ఇంట తల్లి మాటలాడు భాషను బిడ్డ చేతివ్రాతలోనికి తెచ్చుటయే ఆ పని. అట్టి పాఠశాల నిలుచుటకు ఆధారమేమి, అందులకు తల్లిదండ్రులు చేయవలసినదేమి అను విషయమును ఇచట విచారింతము.

మొదటిది హక్కు. మన రాజ్యాంగములోని 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడపుకొను హక్కు నిచ్చినది. 1956లో ఏడవ సవరణచే చేరిన 350-ఎ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని చెప్పుచున్నది. అంతకు పూర్వమే, 1949లో, రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక కొలతను నిర్ణయించినది. పాఠశాల మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలున్నచో ఆ భాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెను.

ఈ సంఖ్యలను గమనింపుడు. హక్కు కాగితము మీద నున్నది. దానికి ప్రాణము హాజరుపట్టీలోని పేర్లు. "మా ఒక్క బిడ్డ చేరకున్న నేమి?" అని ప్రతి ఇంటివారును తలచినచో పది తొమ్మిదియగును, తొమ్మిది ఆరగును, పిదప తరగతియే ఉండదు. రుసుములు, చందాలే ఆదాయముగా గల స్వతంత్ర పాఠశాలకు ఈ చిక్కు మరింత ఎక్కువ.

రెండవది చదువు. "ఇంట తెలుగు మాటలాడుచునే యున్నాముగదా, బడిలో ఏల?" అని కొందరు అడుగుదురు. మాటలాడుట వేరు, చదువుట వేరు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరము. ప, బ లకును ఒకే అక్షరము. 'పాట', 'బాట' అను మన మాటలను ఆ లిపిలో వ్రాసిన రెండును ఒక్కటే యగును. తెలుగు అక్షరములు నేర్చిన బిడ్డకు చెవి విన్న భేదము కంటికిని కనబడును.

అంతమాత్రమున తమిళమును ఉపేక్షింపరాదు. 'తమిళ్' అను పేరు చివరనున్న ధ్వనికి నేటి తెలుగు వర్ణమాలలో అక్షరము లేదు. దానిని తమిళ ఉపాధ్యాయుని నోటనే నేర్వవలెను. తమిళనాట 2006 నాటి చట్టము 1వ తరగతి నుండియే తమిళ బోధనను క్రమముగా ప్రవేశపెట్టినది. ఇరుగుపొరుగు భాష రానివాడు సొంత ఊరిలోనే పరాయివాడగును. రెండు లిపులును బిడ్డకు రెండు కన్నులు.

కావున తల్లిదండ్రులకు మా విన్నపములు మూడు. ప్రవేశపు దరఖాస్తులో మాతృభాష యెదుట 'తెలుగు' అని స్పష్టముగా వ్రాయుడు. ప్రతిరాత్రి పది నిమిషములు బిడ్డచేత తెలుగు వాచకమును బిగ్గరగా చదివింపుడు; అర్థము మీరు చెప్పుడు. ఊరనున్న తాతయ్యకో, అమ్మమ్మకో నెలకొక ఉత్తరము బిడ్డచేతనే వ్రాయింపుడు.

మేము తరగతిలో అక్షరమును చూపగలము. అది బిడ్డకు సొంతమగుట మీ ఇంట జరుగవలెను.