కత్తికి లివోర్నో, తెలుగింటికి భవాని

డోర్నకల్ నుంచి గ్రూప్స్‌కూ, రైల్వే పరీక్షలకూ చదువుతున్న మిత్రులు క్రీడాంశాల్లో ఫెన్సింగ్‌ను దాటేయకండి. ఇందులో ఆయుధాలు మూడు: ఫాయిల్, ఎపీ, సేబర్. మొదటి రెండింటిలో కత్తి మొనతో పొడిస్తేనే పాయింటు. సేబర్‌లో అంచు తగిలినా చాలు, కానీ దెబ్బ నడుముకు పైనే పడాలి.

సేబర్‌లో ఇటలీ తీరపట్టణం లివోర్నోది పెద్ద పేరు. అక్కడ పుట్టిన ఆల్డో మోంటానో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్లో హంగరీకి చెందిన జోల్ట్ నెమ్చిక్‌ను 15-14తో ఓడించి వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు. ఆ ఒక్క పాయింటుతో ఇటలీలో ఇంటింటికీ తెలిశాడు, తర్వాత టీవీ షోలలోనూ కనిపించాడు. తాత, తండ్రి కూడా ఒలింపిక్ పతక విజేతలే. టోక్యోలో 42 ఏళ్ల వయసులో జట్టు రజతం అందుకున్నాడు.

అదే లివోర్నోలో నికోలా జనోట్టి దగ్గర శిక్షణ పొందింది మన చదలవాడ భవానీ దేవి. పుట్టింది చెన్నైలో, 1993లో. ఒలింపిక్స్ ఆడిన తొలి భారత ఫెన్సర్ ఈమే. ఈ ప్రశ్న తప్పక గుర్తుంచుకోవాలి. టోక్యోలో తొలి బౌట్‌లో ట్యునీషియాకు చెందిన నాడియా బెన్ అజీజీపై 15-3తో గెలిచి, తర్వాత ఫ్రాన్స్ క్రీడాకారిణి మనోన్ బ్రూనె చేతిలో 7-15తో ఓడింది. 2021లో అర్జున అవార్డు వచ్చింది. నా దృష్టిలో అంతకంటే గొప్పది 2023 ఆసియా చాంపియన్‌షిప్ కాంస్యం: క్వార్టర్స్‌లో ఓడించింది ప్రపంచ చాంపియన్, జపాన్‌కు చెందిన మిసాకి ఎమురాను.